ట్రాన్సమ్ మీద రెండు, మూడు, నాలుగు: పాత సముద్ర పందెం పడవలు, వాటి ఔట్‌బోర్డ్ ఇంజన్లు

పెద్దలకు, మిత్రులకు, ముందు వరుసల్లో కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది పాత కాలపు సముద్ర పందెం పడవల గురించి, వాటిలోనూ ఒక్క తరగతి పడవల గురించి. ఒడ్డు విడిచి నడి సముద్రం మీద గంటల తరబడి పరుగెత్తడానికి కట్టినవి, వెనక గోడ మీద రెండో మూడో నాలుగో బలమైన ఔట్‌బోర్డ్ ఇంజన్లు వరసగా బిగించుకున్నవి, 1950ల చివరి నుంచి 1980ల చివరి దాకా అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడా తీరంలో రూపుదిద్దుకున్నవి. ఆ పడవల మరమ్మతులో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా మీకు ఒక్క మాట నచ్చజెప్పాలని వచ్చాను. ఈ పడవను, దాని ఇంజన్లను కలిపే కట్టారు, కలిపే దిద్దారు. ఇంజన్లు తీసేసి పడవను మాత్రం భద్రపరిస్తే మనకు మిగిలేది సగమే. ఆ మాట ఎందుకంటున్నానో ఇంజనీరింగ్ లెక్కలతో సహా చెబుతాను.

ఔట్‌బోర్డ్ ఇంజన్ అంటే ఏమిటో విశాఖపట్నంలో చెప్పనక్కరలేదు. ఫిషింగ్ హార్బరుకు వెళ్లినా, భీమిలి ఒడ్డుకు వెళ్లినా, ఫైబర్ పడవ వెనక గోడకు తగిలించిన ఇంజన్ కనిపిస్తుంది. ఆ వెనక గోడనే ట్రాన్సమ్ అంటారు. ఈ మాట ఇవాళ చాలాసార్లు వాడతాను కాబట్టి గుర్తుంచుకోండి. పైన సిలిండర్లు, మధ్యలో నిలువుగా దిగే షాఫ్టు, కింద నీళ్లలో గేర్లు, ప్రొపెల్లర్, అంతా కలిపి ఒకే యంత్రం. చెడిపోతే బోల్టులు విప్పి కిందికి దించేయవచ్చు. నార్వేలో పుట్టి అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన ఇంజన్ బలం ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. చెరువులో చేపలు పట్టుకునేవారికి అది చాలు. సముద్రాన్ని దాటగల యంత్రం అవుతుందని అప్పట్లో ఎవరు అనుకుని ఉంటారు?

మీలో కొందరు 2018 నవంబరులో విజయవాడ వెళ్లి, కృష్ణా నదిలో జరిగిన ఫార్ములా వన్ పవర్‌బోట్ పోటీ చూసి ఉంటారు. చూశారా? చేతులు లేస్తున్నాయి, సంతోషం. ఆ పడవల వెనక మీరు విన్న మోత మెర్క్యురీ కంపెనీవారి రెండున్నర లీటర్ల వీ-సిక్స్, అంటే వీ ఆకారంలో అమర్చిన ఆరు సిలిండర్లున్న టూ-స్ట్రోక్ ఇంజన్ది. నేను ఇవాళ చెప్పబోయే ఇంజన్లలో చాలావాటికి అది దగ్గరి చుట్టం. మీరు చూసినవి నది నీళ్ల మీద ఒక్కొక్క ఇంజన్‌తో తిరిగాయి. అలాంటి ఇంజన్లు రెండో మూడో ఒకే గోడకు బిగించి, రెండు మీటర్ల అలల మీదికి తీసుకువెళ్తే ఏం జరుగుతుంది? ఈ కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కథ 1958 నుంచి మొదలుపెడతాను. ఆ ఏడాది జిమ్ విన్ అనే అమెరికన్ ఇంజనీరు, ఓలే బోట్వెడ్ అనే డెన్మార్కు పడవల తయారీదారు కలిసి కోపెన్‌హేగెన్ నుంచి న్యూయార్కు దాకా అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటారు. వాళ్ల పడవ పొడవు 22 అడుగులు. పేరు కరోనెట్ ఎక్స్‌ప్లోరర్. వెనక రెండు జాన్సన్ ఔట్‌బోర్డ్ ఇంజన్లు, ఒక్కొక్కటి 50 హార్స్‌పవర్. ఇరవై రెండు అడుగులంటే ఈ వేదిక పొడవు కూడా ఉండదు. రెండు ఇంజన్లు ఎందుకు పెట్టారు? వేగం కోసం కన్నా ముందు, ప్రాణం కోసం. నడి సముద్రంలో ఒకటి ఆగిపోయినా రెండోది ఒడ్డు చేరుస్తుంది. ఒకటికి మించి ఇంజన్లు పెట్టడం వెనక ఉన్న మొదటి కారణం అదే. వేగం పిచ్చి తర్వాత వచ్చింది.

ఈ జిమ్ విన్ అంతకు ముందు మెర్క్యురీ కంపెనీలో పనిచేసినవాడు. ఇంజన్‌ను పడవ లోపల ఉంచి, గేర్ల కాలును మాత్రం ట్రాన్సమ్ బయటికి వేలాడదీసే స్టెర్న్‌డ్రైవ్ ఏర్పాటును రూపొందించి వోల్వో పెంటా కంపెనీకి అందించింది ఆయనే. 1959లో న్యూయార్కు పడవల ప్రదర్శనలో దాన్ని లోకానికి చూపించారు. ఔట్‌బోర్డ్‌తో మహాసముద్రం దాటిన మనిషే, తర్వాత ముప్ఫై ఏళ్లపాటు సముద్ర పందేల్లో ఔట్‌బోర్డ్‌ను వెనక్కి నెట్టిన యంత్రానికి కూడా తండ్రి అయ్యాడు. ఆయన మీద నాకు గౌరవం చాలా ఎక్కువ. పోటీదారుగానూ ఆయన సామాన్యుడేమీ కాడు; సామ్ గ్రిఫిత్ పేరు మీద 1964లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొలి విజేత ఆయనే, 1966లో మళ్లీ ఆయనే.

ఇక పడవ సంగతి. 1956లో మయామీ నుంచి బహామాస్‌లోని నసావు దాకా పందెం మొదలైంది. దారిలో గల్ఫ్ స్ట్రీమ్ అనే బలమైన సముద్ర ప్రవాహాన్ని దాటాలి. ఉత్తరపు గాలి ఆ ప్రవాహానికి ఎదురు వీచిందంటే అలలు నిట్టనిలువుగా లేస్తాయి. అప్పటి పడవల అడుగు వెనక భాగంలో దాదాపు చదునుగా ఉండేది. ఆ అలల మీద పడితే పడవతో పాటు మనిషి నడుమూ విరిగేది. రేమండ్ హంట్ అనే రూపకర్త అడుగును ముందు నుంచి వెనక దాకా లోతైన వీ ఆకారంలో గీశాడు. 1958లో న్యూపోర్టులో డిక్ బెర్‌ట్రమ్ ఆ నమూనాను చూసి ముచ్చటపడి, తనకు 30 అడుగుల పడవ కట్టించుకున్నాడు. దాని పేరు మాపీ. 1960 మయామీ–నసావు పందెంలో సముద్రం చాలా అల్లకల్లోలంగా ఉంది. మాపీ ఎనిమిది గంటల్లో నసావు చేరింది. రెండో పడవ మరో రెండు గంటలకు వచ్చింది. అదీ హంట్ గీసిన లోతైన వీ పడవే, నడిపింది మన జిమ్ విన్. మూడో పడవ వచ్చేసరికి మర్నాడైంది. ఆ ఒక్క రోజుతో సముద్ర పడవల అడుగు ఎలా ఉండాలన్న వాదం తీరిపోయింది. మాపీలో ఉన్నవి లోపలి ఇంజన్లే, ఔట్‌బోర్డ్‌లు కావు. అయినా దాన్ని ఎందుకు ప్రస్తావించానంటే, నాగలి కర్రు మట్టిని చీల్చినట్టు అలను చీల్చే ఆ అడుగు లేకపోతే, వెనక ఎన్ని ఇంజన్లు పెట్టినా ఆ బలాన్ని వాడుకునే వీలు ఉండేది కాదు.

మరి బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ కార్ల్ కీఖేఫర్ అనే మనిషి గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. 1939లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని సీడర్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో మూతపడ్డ ఔట్‌బోర్డ్ ఫ్యాక్టరీని ఆయన కొన్నాడు. ఔట్‌బోర్డ్‌లు చేయాలన్న ఉద్దేశంతో కొనలేదు. పాడి పరిశ్రమకు పనికివచ్చే అయస్కాంత పరికరాలు చేద్దామనుకున్నాడు. కొన్న ఫ్యాక్టరీలో, కొనుగోలుదారు నాసిరకమని తిప్పి పంపిన ఇంజన్లు వందల కొద్దీ పడి ఉన్నాయి. చేతిలో డబ్బు లేదు. వాటిని విప్పి, తప్పులు సరిదిద్ది, మళ్లీ అదే కొనుగోలుదారుకు అమ్మాడు. వాళ్లు ఇంకా కావాలన్నారు. మెర్క్యురీ అలా పుట్టింది. తిరస్కరించిన ఇంజన్లను బాగుచేయడంతో మొదలైన కంపెనీ కాబట్టే, ఇంజన్ ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవాలన్న తపన దాని ఎముకల్లో ఉండిపోయిందని నా నమ్మకం.

1957లో ఆయన ఫ్లోరిడాలో సెయింట్ క్లౌడ్ పట్టణం దగ్గర, అడవి మధ్య ఉన్న ఒక సరస్సును రహస్య పరీక్షా కేంద్రంగా మార్చాడు. పటంలో దాని పేరు లేక్ కాన్లిన్. కంపెనీవాళ్లు మాత్రం లేక్ ఎక్స్ అనేవారు, పోటీ కంపెనీలకు ఆచూకీ తెలియకూడదని. అక్కడ ఆరు సిలిండర్ల మార్క్ 75 ఇంజన్లను పగలూ రాత్రీ ఆపకుండా, నడుస్తుండగానే పెట్రోలు నింపుతూ 25,000 మైళ్లు తిప్పారు. భూగోళం చుట్టుకొలత అంత దూరం! ఇంజన్లను విరిగేదాకా తిప్పి, విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి కారణం వెతికేవారు.

అటు ఎవిన్‌రూడ్, జాన్సన్ రెండూ ఓఎంసీ అనే ఒకే సంస్థ గొడుగు కింద ఉండేవి. ఇటు మెర్క్యురీ. ఈ ఇద్దరి పోటీలోనే ఔట్‌బోర్డ్ బలం పెరిగింది. 1958లో ఓఎంసీ వీ-ఫోర్ 50 హార్స్‌పవర్‌తో వచ్చింది. 1962లో మెర్క్యురీ 100 దగ్గరికి చేరింది. 1976లో మెర్క్యురీ బ్లాక్ మ్యాక్స్ వీ-సిక్స్ 175తో వచ్చింది. ఓఎంసీ తన వీ-సిక్స్‌లతో జవాబు చెప్పింది. 1985లో ఓఎంసీ 3.6 లీటర్ల వీ-ఎయిట్ తెచ్చింది, అది కొద్ది ఏళ్లలోనే 300కు చేరింది. సుమారు ముప్ఫై ఏళ్లలో యాభై మూడు వందలైంది. ఇదంతా కార్బురేటర్లతో, నూనె కలిపిన పెట్రోలుతో, కవాటాల తల లేని టూ-స్ట్రోక్ సిలిండర్లతో సాధించారు.

ఇప్పుడు విద్యార్థుల కోసం ఒక లెక్క. జార్జ్ క్రౌచ్ అనే పాతతరం పడవల రూపకర్త పేరు మీద ఒక సూత్రం ఉంది. నీటి మీదికి లేచి జారే పడవ వేగం, హార్స్‌పవర్‌ను బరువుతో భాగించగా వచ్చిన దాని వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అంటే ఏమిటి? ఇంజన్ బలం రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లు అవుతుంది. అదీ బరువు ఏమాత్రం పెరగకపోతేనే. రెండో ఇంజన్ తెచ్చి పెడితే దాని బరువు కూడా వచ్చి చేరుతుంది, నీటిలో మరో గేర్‌కేసు, అంటే గేర్లుండే కింది పెట్టె, మునిగి అడ్డుపడుతుంది. అందుకని ఇంజన్లు పెంచుకుంటూ పోవడం లాభించాలంటే ఒక్కో ఇంజన్ చాలా తేలికగా ఉండి తీరాలి. టూ-స్ట్రోక్ ఇంజన్ ప్రతి చుట్టుకూ ప్రతి సిలిండర్‌లో ఒకసారి మండుతుంది. ఫోర్-స్ట్రోక్ రెండు చుట్లకు ఒకసారి. క్యామ్‌లు లేవు, వాల్వుల సరంజామా లేదు, నూనె తొట్టి లేదు. రెండున్నర లీటర్ల పాత వీ-సిక్స్ బరువు సుమారు 180 కిలోలు, అంతే. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సరే, ఇంజన్లు దొరికాయి, పడవ దొరికింది. పక్కపక్కన బిగించేస్తే సరిపోతుందా? సరిపోదు. ఈ పడవల్లో అసలు విద్య అంతా అక్కడే ఉంది. పడవ అడుగు వీ ఆకారంలో ఉంటుంది కదా, మధ్యలో లోతు ఎక్కువ, పక్కలకు పోయేకొద్దీ తక్కువ. మూడు ఇంజన్లుంటే మధ్యదాన్ని కిందికి, పక్కవాటిని పైకి బిగించాలి. ఎంత పైకి? ప్రొపెల్లర్ సగం నీటిలో, సగం గాలిలో తిరిగేంత పైకి. అప్పుడే గేర్‌కేసు నీటిలో ఈడ్చుకుపోవడం తగ్గుతుంది. కానీ అంత పైకి ఎత్తితే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి వెళ్లే రంధ్రాలు గాలిలోకి వచ్చేస్తాయి, నిమిషాల్లో ఇంజన్ పట్టేస్తుంది. అందుకని ఆ రంధ్రాలను గేర్‌కేసు ముక్కు దగ్గరికి, కిందికి మార్చారు. ముక్కును బుల్లెట్ ఆకారంలో సాగదీశారు, లేకపోతే ఒక వేగం దాటాక గేర్‌కేసు చుట్టూ నీరు చెదిరి బుడగలుగా మారి, ప్రొపెల్లర్‌కు పట్టు పోతుంది. ప్రొపెల్లర్ రెక్కల వెనక అంచును నరికినట్టు తిన్నగా కోశారు. అలాంటి ప్రొపెల్లర్‌ను క్లీవర్ అంటారు. ఇంజన్‌ను ట్రాన్సమ్‌కు నేరుగా తగిలించకుండా కొన్ని అంగుళాలు వెనక్కి జరిపే జాక్ ప్లేటు పెట్టారు. అర అంగుళం ఎత్తు మారితే పడవ స్వభావమే మారిపోతుంది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు, అర అంగుళమే.

మరో చిక్కు ఉంది. ప్రొపెల్లర్లన్నీ ఒకే వైపు తిరిగితే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, స్టీరింగ్ ఒక వైపుకు లాగుతుంది. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పితే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దానికి ఎదురు తిరిగే గేర్లున్న గేర్‌కేసు కావాలి. ఇంజన్లన్నింటినీ కలుపుతూ ఒక అడ్డ కడ్డీ వేయాలి, అన్నీ ఒకే కోణంలో తిరగడానికి. స్టీరింగ్ కేబుల్లో కొంచెం సందు ఉన్నా, వేగం పెరిగాక పడవ అడుగు ఈ అంచు మీద ఒకసారి, ఆ అంచు మీద ఒకసారి తూగడం మొదలుపెడుతుంది. నడిపేవాడు సకాలంలో సరిదిద్దకపోతే అది బోల్తాకే దారి తీస్తుంది. వీ-సిక్స్ ఇంజన్ల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి సుమారు 26 అంగుళాల ఎడం కావాలి. ఈ కొలతలన్నీ ముందుగా పుస్తకంలో రాసి ఉన్నవి కావు. ఒడ్డున బిగించి, నీళ్లలో తిప్పి, వచ్చి మళ్లీ విప్పి, మెకానిక్కులు తమ చేతులతో కనిపెట్టినవి.

ఇక అల మీద ఏం జరుగుతుంది? పడవ గాలిలోకి లేస్తుంది. ప్రొపెల్లర్‌కు నీరు అందదు. ఆ క్షణంలో ఇంజన్‌కు భారం లేదు, రెప్పపాటులో చుట్లు హద్దు దాటిపోతాయి. పడవ తిరిగి నీటిని తాకగానే ఆ వేగం అంతా ఒక్కసారిగా ఆగిపోయి, దెబ్బ గేర్ల మీద పడుతుంది. అందుకే పెద్ద పడవల్లో ఒకరు చక్రం పట్టుకుంటే, మరొకరి పని అంతా థ్రాటిల్ చూసుకోవడమే. పడవ లేచేటప్పుడు తగ్గించాలి, దిగేటప్పుడు అందించాలి. నిమిషానికి ఎన్నిసార్లో, గంటల తరబడి. పైగా పెట్రోలులోనే నూనె కలిసి ఉండే ఇంజన్‌లో థ్రాటిల్ పూర్తిగా మూసేస్తే, చుట్లు ఎక్కువగా ఉన్నప్పుడే నూనె అందడం తగ్గిపోతుంది. పిస్టన్ సిలిండర్‌ను పట్టేస్తుంది. కాబట్టి ఆ చేతికి ఇంజన్ లోపల ఏం జరుగుతోందో కూడా తెలిసి ఉండాలి. ఆ పని చేసినవాళ్ల మీద నాకున్నంత గౌరవం విజేతల పట్టికల మీద లేదు.

తర్వాత జంట అడుగుల పడవలు, కాటమరాన్లు వచ్చాయి. రెండు సన్నటి అడుగుల మధ్య సొరంగంలా ఖాళీ ఉంటుంది; వేగం పెరిగేకొద్దీ ఆ ఖాళీలోకి దూరిన గాలి పడవను పైకి ఎత్తుతుంది. మిషిగన్ రాష్ట్రంలోని డగ్లస్ అనే ఊళ్లో పీటర్ లెడిన్ కట్టిన స్కేటర్ పడవలు వీటిలో పేరుపొందినవి. 24 అడుగుల స్కేటర్ మీద రెండు ఔట్‌బోర్డ్‌లు బిగిస్తే ఒక్కో అడుగు వెనక ఒక్కో ఇంజన్ వస్తుంది. నా దృష్టిలో, తేలిక ఇంజన్‌కు సరిగ్గా సరిపోయిన రూపం ఇదే. తర్వాత అదే కార్ఖానా నుంచి మూడు, నాలుగు ఔట్‌బోర్డ్‌లకు తగిన పెద్ద పడవలూ వచ్చాయి.

ఇంత ఉన్నా, చరిత్ర చెప్పేవాళ్లు ఔట్‌బోర్డ్ పడవలను పెద్దగా పట్టించుకోలేదు. డాన్ అరనౌ పేరు మీరు విని ఉండవచ్చు. ఫార్ములా, డాంజీ, మాగ్నమ్, సిగరెట్ పడవల కంపెనీలను ఒకదాని తర్వాత ఒకటి స్థాపించినవాడు, 1967లోనూ 1969లోనూ ప్రపంచ చాంపియన్. ఆయనను, ఆయన పెద్ద లోపలి ఇంజన్లను చుట్టుకునే కథంతా అల్లుకుంది. బహుమతి కప్పులు, పత్రికల ముఖచిత్రాలు పెద్ద తరగతివే అయ్యాయి. కానీ ఇవాళ ఫ్లోరిడాలో ఏ రేవుకు వెళ్లినా ఏం కనిపిస్తుంది? నలభై అడుగుల చేపల వేట పడవల వెనక మూడు, నాలుగు, ఒక్కోచోట ఐదు ఔట్‌బోర్డ్‌లు. ఆ ఏర్పాటుకు కావలసిన పాఠాలు ఎక్కడ నేర్చుకున్నారు? ఆ చిన్న తరగతి పడవల ట్రాన్సమ్‌ల మీదే.

టూ-స్ట్రోక్‌లు ఎందుకు పోయాయో నిజాయితీగా చెప్పుకోవాలి. కార్బురేటర్ ఉన్న టూ-స్ట్రోక్‌లో, కొత్త ఇంధనం లోపలికి వస్తూ పాత పొగను బయటికి తోసేటప్పుడు, ఆ ఇంధనంలో పాతిక శాతం దాకా మండకుండానే నీళ్లలోకి పోతుంది. ఇది చిన్న తప్పేమీ కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో నిబంధనలు చేసి, 1998 నుంచి 2006 దాకా అంచెలంచెలుగా అమలుచేసింది. ఆ నిర్ణయం సరైనదే. ఓఎంసీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఎవిన్‌రూడ్ పేరు వేరే యాజమాన్యం కింద కొనసాగి 2020లో ఆగిపోయింది. మెర్క్యురీ 2004లో వెరాడో అనే ఫోర్-స్ట్రోక్ వరుసను తెచ్చింది. రోజూ తిరిగే పడవకు ఫోర్-స్ట్రోకే కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. నేను మాట్లాడుతున్నది ఏడాదికి కొద్ది గంటలు మాత్రమే నీళ్లలో దిగే, వేళ్ల మీద లెక్కపెట్టగల పాత పడవల గురించి.

ఇప్పుడు ఆ 180 కిలోల దగ్గరికి వద్దాం. తొలి వెరాడో ఆరు సిలిండర్ల ఇంజన్ బరువు దాదాపు 288 కిలోలు. తర్వాత వచ్చిన వీ-ఎయిట్‌లు తగ్గినా, 240 దగ్గరే ఉన్నాయి. 1970ల నాటి 24 అడుగుల పడవ వెనక రెండు పాత ఇంజన్లు తీసి రెండు కొత్తవి పెడితే, ట్రాన్సమ్ మీద నూట ఇరవై నుంచి రెండు వందల పదహారు కిలోల దాకా అదనపు బరువు పడుతుంది, అదీ పడవ చిట్టచివర. రూపకర్త లెక్కవేసిన సమతూకం పోతుంది. నిలబడి ఉన్నప్పుడు వెనక భాగం మునుగుతుంది, నీళ్లు పోయే రంధ్రాల గుండా సముద్రమే లోపలికి వస్తుంది. పరుగెత్తినప్పుడు ముక్కు లేచిపోతుంది. అప్పుడు ముందు వైపు సీసపు దిమ్మలు పెడతారు. క్రౌచ్ సూత్రం ప్రకారం బరువు పెరిగింది, వేగం పోయింది. ఇలా మార్చినదాన్ని పాత పడవ అని ఎలా అనగలం? పేరు, రంగు మాత్రమే పాతవి.

పాత ఇంజన్లతోనే ఉంచుకోవడం తేలిక కాదు. ట్రాన్సమ్ లోపల ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగి అది కుళ్లుతుంది. సుత్తితో మెల్లగా తట్టి చూడండి, ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పోయినట్టే. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది; మన దేశంలో ఇరవై శాతం ఇథనాల్ వచ్చాక ఇక్కడి పాత ఇంజన్లకూ ఇదే బాధ. ఇగ్నిషన్ పెట్టెలు చెప్పకుండా పోతాయి, నిప్పు రవ్వ వేళ తప్పి ముందుగా పడితే పిస్టన్ కరిగేదాకా తెలియదు. ఇవన్నీ బాగుచేయగల మెకానిక్కులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు.

అందుకే ఈ హాల్లో ఉన్న యువతను ఒక్కటి అడుగుతున్నాను. మీలో చాలామంది పై చదువులకు అమెరికా వెళ్తారు, కొందరు ఫ్లోరిడాకే వస్తారు. షెడ్డులో అలాంటి పడవ కనిపిస్తే, యజమాని ఇంజన్లు మార్చాలని నిర్ణయించుకున్నా సరే, బోల్టు విప్పకముందు కొలతలు తీసుకోనివ్వమని అడగండి. ప్రతి ప్రొపెల్లర్ షాఫ్టు పడవ అడుగు కన్నా ఎంత కిందికి ఉంది, ఇంజన్ల మధ్య ఎడం ఎంత, జాక్ ప్లేటు ఎంత వెనక్కి జరిపారు, ఏ ఇంజన్ ఏ వైపు తిరుగుతుంది, ప్రొపెల్లర్ వ్యాసం ఎంత, పిచ్ ఎంత (ఒక్క చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు జరిగే దూరం), కార్బురేటర్ జెట్ల మీద ఏ అంకె చెక్కి ఉంది. వీటిని కాగితం మీద రాసి, ఫొటోలు తీసి, పడవ కాగితాలతో పాటు ఉంచండి. బిగించిన మెకానిక్ బతికి ఉంటే ఆయన దగ్గరికి వెళ్లి, ఆ ఎత్తు ఎందుకు ఎంచుకున్నాడో అడిగి రికార్డు చేయండి. ఇంజన్లు దించేశాక ట్రాన్సమ్ రంధ్రాలు పూడ్చి రంగు వేస్తారు. ఆ తర్వాత ఆ కొలతలు ఎవరూ తిరిగి తెలుసుకోలేరు. ఇక మీ ప్రశ్నలు అడగండి. బల్ల మీద పెట్టిన ఈ క్లీవర్ ప్రొపెల్లర్‌ను దగ్గరికి వచ్చి చూడవచ్చు, అంచులు మాత్రం జాగ్రత్త.